పెద్దప్రేగు పరీక్ష: పైపు వేయించుకోవాలా, స్కాను చాలునా?



ఈ నెల పిల్లల చదువుల గూర్చి వ్రాయాలని తలంచాము. అంతలో ఒక సహోదరి వద్దనుండి ఉత్తరం వచ్చింది. ఆమెకు జవాబు విడిగా అప్పుడే పంపాము. అయితే ఇదే ప్రశ్న మరెన్నో ఇండ్లలో ఉండవచ్చు గనుక, ఆమె అనుమతితో ఊరు పేరు లేకుండా ఇక్కడ ప్రస్తావిస్తున్నాము.

ఆమె ఇలా వ్రాశారు: “అయ్యగారూ, మావారికి 51 సంవత్సరాలు. సంఘంలో పెద్దగా ఉన్నారు. మా బావగారికి, అంటే మావారి సొంత అన్నగారికి, 53వ ఏట పెద్దప్రేగు కాన్సర్ అని తెలిసింది. రెండేళ్ళకే ప్రభువు పిలుపునందుకున్నారు. డాక్టరుగారు మావారిని కూడా కొలనోస్కోపీ చేయించుకోమన్నారు. ఈయన ససేమిరా అంటున్నారు. అమెరికాలో నర్సుగా ఉన్న మా అమ్మాయి, అక్కడ స్కానింగుతోనే ప్రేగంతా చూసే పరీక్ష ఉందనీ, పెద్దవాళ్ళకు ప్రభుత్వ ఇన్సూరెన్సు కూడా దానికి డబ్బు కడుతుందనీ ఫోనులో చెప్పింది. అప్పటినుండి మావారు, ‘అమెరికావాళ్ళే స్కానుతో సరిపెట్టుకుంటుంటే నాకీ పైపు దేనికి?’ అంటున్నారు. రెంటిలో ఏది మంచిదో వ్రాయగలరు.”

ఉత్తరం అక్కడితో అయిపోయిందనుకున్నాము. కాగితం అడుగున, అంచున, చిన్న అక్షరాలతో ఇంకొక మాట ఉంది. “అప్పుడప్పుడు దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతుంది. మొలలే అంటారు. నాటుమందు వాడుతున్నారు.”

ఈ చివరి మాట దగ్గరకు మళ్ళీ వస్తాము. ముందు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. మేము డాక్టరు చదువు చదివినవారము కాము. మాకు తెలిసిన ఒక క్రైస్తవ వైద్యుని దగ్గర కూర్చుండి, ఆయన వివరించినవి విని, చదవమన్నవి చదివి, మాకు అర్థమైనంతవరకు వ్రాస్తున్నాము.

పెద్దప్రేగు మన కడుపులో సుమారు అయిదడుగుల పొడవున చుట్టుకొని ఉంటుంది. దాని లోపలి పొర మీద, వయసు పైబడేకొద్దీ కొందరికి చిన్న చిన్న కండలు పెరుగుతాయి. వాటిని పాలిప్‌లు అంటారు. కొన్ని పుట్టగొడుగులాగా కాడ మీద నిలబడి ఉంటాయి, కొన్ని చాప పరచినట్టు ప్రేగు గోడకు అంటుకొని ఉంటాయి. వీటిలో ఎక్కువ శాతం ఎవరికీ ఏ హానీ చేయవు. కాని పెద్దప్రేగు కాన్సర్లు చాలావరకు ఇలాంటి పాలిప్‌గానే మొదలవుతాయి. పాలిప్ పెరిగి కాన్సరుగా మారటానికి సామాన్యంగా పదేళ్ళు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది.

ఈ పదేళ్ళ వ్యవధి దేవుడిచ్చిన గడువు అని మాకనిపిస్తుంది. చాలా కాన్సర్లలో ముందస్తు పరీక్ష అంటే జబ్బు వచ్చాక త్వరగా కనిపెట్టటం మాత్రమే. ఇక్కడ జబ్బు కాకముందే దాని మొలకను పట్టుకొని తీసివేయవచ్చు. ఆలస్యమైతే సంగతి వేరు. అమెరికా లెక్కల ప్రకారం, ప్రేగు దాటకముందే బయటపడినవారిలో దాదాపు 90 శాతం మంది అయిదేళ్ళు దాటి బ్రతుకుతున్నారు. కాలేయం, ఊపిరితిత్తుల వరకు ప్రాకిన తరువాత బయటపడితే ఆ సంఖ్య 15 శాతం దగ్గరకు పడిపోతుంది. ప్రపంచం మొత్తం మీద 2022లో దాదాపు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది, సుమారు 9 లక్షల మంది చనిపోయారు.

ఇప్పుడు పైపు పరీక్ష సంగతి. కొలనోస్కోపీలో వ్రేలి లావున, మెత్తగా వంగే ఒక పొడవాటి గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, దాని కొసనున్న దీపంతో, కెమెరాతో ప్రేగు మొదటి వరకు వెళ్ళి, వెనక్కి వస్తూ అంగుళం అంగుళం చూస్తారు. సాధారణంగా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు గనుక నొప్పి అంతగా తెలియదు. అరగంట పని. 1969లో న్యూయార్కులోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే ఇద్దరు వైద్యులు ఈ గొట్టం లోపలనుండి ఒక తీగ ఉచ్చును పంపి, పాలిప్ కాడకు బిగించి, కరెంటు వేడితో కోసి బయటకు తీశారు. అంతకుముందు పై భాగంలో ఉన్న పాలిప్ తీయాలంటే పొట్ట కోసి ఆపరేషను చేయవలసిందే. గనుక కొలనోస్కోపీకి ఉన్న గొప్పతనమంతా ఇదే: చూసిన చేతితోనే తీసివేస్తుంది. అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షకు పంపుతుంది. 1993లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఇలా పాలిప్‌లు తీయించుకున్నవారిలో కాన్సర్ రావటం, మామూలుగా ఎదురుచూడదగిన దానికంటె 76 నుండి 90 శాతం వరకు తక్కువగా ఉన్నట్టు తేలింది.

స్కాను సంగతి దీనికంటె చాలా కొత్తది. 1994లో అమెరికాలోని నార్త్ కరోలినాలో డేవిడ్ వైనింగ్ అనే రేడియాలజిస్టు, సి.టి. స్కాను తీసిన వందలాది బొమ్మలను కంప్యూటరులో కలిపి, ప్రేగు లోపల ప్రయాణం చేస్తున్నట్టు తెర మీద చూపించాడు. దాన్నే వర్చువల్ కొలనోస్కోపీ అన్నారు. వైద్యులు సి.టి. కొలనోగ్రఫీ అంటారు. రోగిని వెల్లకిల ఒకసారి, బోర్లా ఒకసారి పడుకోబెట్టి స్కాను తీస్తారు. పావుగంటలో అయిపోతుంది. మత్తు లేదు. లేచి బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్ళవచ్చు.

అయితే సహోదరి భర్తగారికి, ఆయనలాగా ఆలోచించేవారికి, ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. స్కానులో పైపు అసలే ఉండదనుకోవటం పొరపాటు. ప్రేగు ముడుచుకొని ఉంటే లోపల ఏమీ కనపడదు గనుక, మలద్వారంలో రెండు మూడు అంగుళాల సన్నని గొట్టం పెట్టి కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో ప్రేగును బెలూనులాగా ఉబ్బిస్తారు. కడుపు ఉబ్బరంగా, మెలిపెట్టినట్టు ఉంటుంది. మత్తు ఉండదు గనుక అదంతా తెలుస్తుంది. ముందురోజు ప్రేగు శుభ్రపరచుకోవటం కూడా సామాన్యంగా తప్పదు. చాలామంది నిజంగా భయపడేది గొట్టానికి కాదు, ఆ ముందురోజు రాత్రికి. అది రెండింటికీ ఉమ్మడి. పైగా స్కానుకు ముందు, లోపల మిగిలిన మలానికీ పాలిప్‌కూ తేడా తెలిసేందుకు ఒక మందు కూడా త్రాగిస్తారు.

ఇక ఏది ఎంత బాగా కనిపెడుతుంది? ఇక్కడ వైద్యులే చాలాకాలం వాదించుకున్నారు.

2003లో అమెరికాలోని మూడు సైనిక ఆసుపత్రులలో, ఏ బాధా లేని 1,233 మందికి ఒకే రోజు రెండు పరీక్షలూ చేశారు. పైపు వేసే డాక్టరుకు స్కాను ఫలితం ముందుగా చెప్పలేదు. ఆయన ప్రేగులో ఒక్కొక్క భాగం చూసి ముగించిన తరువాత, స్కానులో ఆ భాగంలో ఏమి కనబడిందో చెప్పారు. ఆయన మళ్ళీ వెళ్ళి చూశారు. ఎంత న్యాయమైన పద్ధతి! ఒక సెంటీమీటరు, అంతకంటె పెద్దవైన పాలిప్‌లు ఉన్నవారిని స్కాను సుమారు 94 శాతం పట్టుకుంది, పైపు మొదటి చూపులో 87 శాతానికి పైగా పట్టుకుంది. ఆ పరీక్షలలో కాన్సరుగా మారిన పాలిప్‌లు రెండు దొరికాయి. స్కాను రెండింటినీ చూసింది, పైపు మొదటిసారి ఒకదానిని దాటిపోయింది. కంటితో చూసేదే సత్యమని అనుకునేవారికి ఇది పెద్ద పాఠమైంది.

అయితే మరుసటి ఏడే, 2004లో, వేరే ఆసుపత్రులలో 600 మందికి పైగా చేసిన పరిశీలనలో స్కాను అంతటి పెద్ద పాలిప్‌లనే 55 శాతం మాత్రమే కనిపెట్టింది. ఒకే పేరు గల పరీక్ష ఒకచోట 94, మరొకచోట 55! యంత్రాలలో, పద్ధతిలో తేడా కొంత, చూసే కంటికి ఉన్న అనుభవంలో తేడా మరికొంత. ఈ సంగతి మన పాఠకులు బాగా గుర్తుంచుకోవాలి. సి.టి. మిషను మన పట్టణాలలో కూడా ఉన్నది గదా అని, ఏ సెంటరులోనైనా ఈ పరీక్ష ఒకటే అనుకోరాదు. ప్రేగు బొమ్మలను చదవటం ప్రత్యేకంగా నేర్చుకున్న రేడియాలజిస్టు ఉండాలి. “మీరు ఈ పరీక్షలు నెలకు ఎన్ని చూస్తారు?” అని అడగటం అవమానించటం కాదు. పైపు వేసే డాక్టరును కూడా అలాగే అడగవచ్చు. తొందరపడి గొట్టం వెనక్కి లాగే చేయి కూడా చాలా దాటిపోతుంది.

2008లో 15 ఆసుపత్రులలో, 2,500 మందికి పైగా కలిసిన మరో పరిశోధన ఈ వాదానికి కొంత తెర దించింది. ముందుగా శిక్షణ పొందిన రేడియాలజిస్టులు చూడగా, సెంటీమీటరు మించిన పాలిప్‌లు ఉన్నవారిలో 90 శాతాన్ని స్కాను కనిపెట్టింది. అంటే పెద్దవాటి విషయంలో రెండూ దాదాపు సమానం. చిన్నవాటి విషయంలో, మరి ముఖ్యంగా ముందు చెప్పిన చాపలాంటి వాటి విషయంలో, పైపుదే పైచేయి. నీడ చూసి వస్తువును గుర్తించినట్టు స్కాను ఆకారాన్ని చూస్తుంది. గోడకు అంటుకున్నదానికి నీడ ఏముంటుంది?

ఇప్పుడు అసలు తేడా. స్కానులో పాలిప్ కనబడితే ఏమవుతుంది? పైపు పరీక్షకే పంపుతారు. 6 మిల్లీమీటర్లు మించినది కనబడితే సామాన్యంగా కొలనోస్కోపీ చేసి తీయవలసిందే అంటారు. అది అదే రోజు కుదరకపోతే మరొకసారి మందు త్రాగటం, మరొకసారి ఖర్చు. ఏమీ కనబడకపోతే మాత్రం, పైపు జోలికి పోకుండా అయిదేళ్ళు నిశ్చింత. అదే కొలనోస్కోపీలో ఏమీ లేదని తేలితే, మామూలు మనిషికి పదేళ్ళ వరకు అక్కరలేదని అమెరికా వైద్యుల నియమం.

అపాయాల సంగతి కూడా దాచకూడదు. 2007లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, స్కాను చేయించుకున్న 3,120 మందినీ పైపు వేయించుకున్న 3,163 మందినీ పోల్చి చూశారు. ప్రమాదకరమైన పాలిప్‌లు రెండు గుంపులలోను ఇంచుమించు ఒకే నిష్పత్తిలో దొరికాయి. అయితే పైపు గుంపులో ఏడుగురికి ప్రేగుకు చిల్లు పడింది, స్కాను గుంపులో ఒక్కరికీ పడలేదు. మూడు వేలలో ఏడు అంటే తక్కువే. ఆ ఏడింటిలో మన ఇంటి మనిషి ఉంటే తక్కువ కాదు. స్కానుకు ఉన్న నష్టం రేడియేషను. అది ప్రకృతిలో మనందరికీ ఒకటి రెండేళ్ళలో తగిలే రేడియేషనుకు ఇంచుమించు సమానం. యాభై దాటినవారికి దీని గూర్చి పెద్దగా దిగులుపడనక్కరలేదని వైద్యులు అంటారు. మరొకటి, స్కాను ప్రేగును మాత్రమే కాదు, పొట్టలోనివన్నీ చూస్తుంది. ఒక్కోసారి మూత్రపిండంలో గడ్డో, రక్తనాళం ఉబ్బో కనబడి ప్రాణం దక్కుతుంది. ఒక్కోసారి ఏమీ కాని మచ్చ కోసం ఆరు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరగవలసి వస్తుంది. రెండూ జరుగుతాయి.

సహోదరి కుమార్తె చెప్పినది నిజమే. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ ఇన్సూరెన్సు, 2009లో ఈ స్కానుకు డబ్బు ఇవ్వబోమన్నది. 2025 జనవరి 1 నుండి ఇస్తోంది. 2010లో అధ్యక్షుడుగా ఉన్న ఒబామా కూడా పైపుకు బదులు స్కానే చేయించుకున్నారు. మత్తు అక్కరలేదు గనుక అధికారం మరొకరికి అప్పగించే పని లేకపోయింది. 2021లో బైడెన్ మత్తు తీసుకొని కొలనోస్కోపీ చేయించుకున్నప్పుడు, ఉపాధ్యక్షురాలు కమలా హ్యారిస్ 85 నిమిషాలపాటు అధ్యక్ష బాధ్యత వహించారు. బైడెన్‌కు ఒక చిన్న పాలిప్ కనబడితే అక్కడికక్కడే తీసేశారు. మన ఇండ్లలో ఒక గంట మత్తులో ఉంటే దుకాణం ఎవరు చూస్తారు, పొలం ఎవరు చూస్తారు అని వెనుకాడేవారికి ఈ సంగతి చెప్పవచ్చును.

కాని ఒబామాకు పనికివచ్చినది ఈ సహోదరి భర్తకు పనికిరాదు. ఇదే మేము ముఖ్యంగా చెప్పదలచినది. స్కాను ఎవరికోసం? ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేక, తమకు ఏ లక్షణమూ లేక, వయసును బట్టి ముందుజాగ్రత్తగా చూపించుకునేవారి కోసం. అట్టివారికి రెండింటిలో ఏది చేయించుకున్నా మంచిదే. మత్తు పడనివారికి, పైపు ప్రేగులో చివరివరకు వెళ్ళలేకపోయినవారికి స్కాను ఎంతో మేలు. అయితే తల్లి, తండ్రి, తోబుట్టువులలో ఒకరికి 60 ఏళ్ళలోపు ఈ కాన్సర్ వచ్చి ఉంటే లెక్క మారుతుంది. అట్టివారు 40వ ఏట, లేదా ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పటినుండి, అయిదేళ్ళకొకసారి కొలనోస్కోపీయే చేయించుకోవాలని వైద్యుల సలహా. వీరిలో పాలిప్ దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే ఎలాగూ పైపే వేయాలి. ముందు స్కాను చేయించటం, ఒక మైలు నడక కోసం రెండు మైళ్ళు చుట్టు తిరగటమే.

ఇక ఉత్తరం అంచున వ్రాసిన మాట. రక్తం పడుతున్నది. ఇది ఉన్నప్పుడు ముందస్తు పరీక్ష అన్న మాటే వర్తించదు. రక్తం ఎక్కడనుండి వస్తున్నదో వెదకటం అది. మొలలే కావచ్చు, మొలలు మన దేశంలో ఎంతమందికి లేవు! కాని మొలలు ఉన్న మనిషికి కాన్సర్ రాకూడదని నియమమేమీ లేదు. లోపల చూడకుండా, రక్తం రంగు చూసి మొలలు అని తేల్చటం నాటువైద్యుని వల్ల కాదు, మా వల్ల కాదు, నిజానికి డాక్టరు వల్ల కూడా కాదు. మందుతో రక్తం ఆగిందని ఊరుకోవటం మరీ ప్రమాదం, ఎందుకంటే కాన్సరులో కూడా రక్తం పడుతూ ఆగుతూ ఉంటుంది.

మన సంఘాలలో ఈ విషయం ఎందుకింత గుట్టుగా ఉంటుంది? గుండెపోటు వస్తే ప్రార్థనా కూడికలో నిలబడి చెబుతారు. షుగరు సంగతి అందరికీ తెలుసు. ప్రేగు కింది భాగం జబ్బంటే మాత్రం, “కడుపులో కొంచెం బాగోలేదు, ప్రార్థన చేయండి” అని ఆపేస్తారు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో ఉన్న స్త్రీ సువార్తలో జ్ఞాపకం వస్తుంది. ఆమె కూడా గుంపులో దాగి, వెనుకనుండి వచ్చింది. ముందుకు వచ్చి చెప్పుకోలేని జబ్బు అది. ఆమె దాగినందుకు ప్రభువు కోపపడలేదు, అందరి ఎదుట ఆమెను కుమారీ అని పిలిచాడు. సంఘమును శరీరముతో పోల్చిన పౌలు కూడా, కప్పి ఉంచే అవయవాలను తక్కువ చేయలేదు.

సిగ్గు మన ఒక్కరి జాడ్యమే కాదు. నెదర్లాండ్స్ దేశంలో 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 50 నుండి 75 ఏళ్ళ మధ్యవారిని వేలమందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును పైపు పరీక్షకు, మరో గుంపును స్కానుకు పిలిచారు. పైపుకు పిలిస్తే నూటికి 22 మంది వచ్చారు, స్కానుకు పిలిస్తే 34 మంది వచ్చారు. ఆ స్కానుకు ప్రేగు శుభ్రపరచే బాధ తక్కువగా ఉండేట్టు ఏర్పాటు చేశారు, అదొక కారణం. వచ్చిన నూరుమందిలో ముదిరిన పాలిప్ గాని కాన్సర్ గాని దొరికినవారు పైపులో సుమారు 9 మంది, స్కానులో 6 మంది. కాని పిలిచిన నూరుమందికి లెక్క కడితే రెండింటిలోను ఇద్దరే. ఎక్కువ పట్టుకొనే పరీక్షకు మనుషులు రాలేదు. మనుషులు వచ్చిన పరీక్ష తక్కువ పట్టుకుంది. చివరకు సమానం! మేము ఈ లెక్కను రెండు మూడుసార్లు చదివాము. రొట్టెలు ఎంత మంచివైనా ఇంట్లోనే ఉంటే ఆకలి తీరదు గదా.

అమెరికాలో టీవీ కార్యక్రమాలు నడిపిన కేటీ కురిక్ అనే ఆమె భర్త 1998లో 42 ఏళ్ళకే ఈ జబ్బుతో చనిపోయాడు. 2000 మార్చిలో ఆమె తన కొలనోస్కోపీని టీవీలో దేశమంతటికీ చూపించింది. ఆ తరువాత అక్కడ ఈ పరీక్షకు వచ్చేవారి సంఖ్య పెరిగిందని పరిశోధకులు వ్రాశారు. మన సంఘాలలో టీవీ అక్కరలేదు. ఒక సంఘ పెద్ద, “నేను చేయించుకున్నాను, ఏమీ కాలేదు” అని పురుషుల కూడికలో ఒక్క మాట చెబితే చాలును.

సహోదరి వ్రాయలేదు గాని, పెద్దలైనవారి నోట మేము తరచు వినే మాట ఒకటున్నది. “ప్రార్థన చేసుకుంటున్నాము, పరీక్షలెందుకు?” హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు. బాగుచేస్తాననీ, పదిహేనేండ్లు ఆయుష్షు ఇస్తాననీ దేవుడే ప్రవక్తతో చెప్పించాడు. అంత వాగ్దానం వచ్చిన తరువాత కూడా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించినది ఆ ప్రవక్తే. సువార్త వ్రాసిన లూకాయే వైద్యుడు. మరికొందరు, ప్రేగుల జబ్బుతో చనిపోయిన యెహోరాము రాజు కథ తెచ్చి ఇది శాపమని గుసగుసలాడుతారు. ఒక దుష్టరాజుకు జరిగినదాన్ని తెచ్చి, మంచం పట్టిన సహోదరుని మీద రుద్దటం కంటె క్రూరత్వం లేదు. బోధకులు అలా మాట్లాడితే సంఘ పెద్దలు వెంటనే ఆపాలి.

డబ్బు, దూరం గల సంగతి కూడా కొంచెం వ్రాయాలి. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలలో ఉన్నంతగా లేదు. ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారికి చేసే ముందస్తు పరీక్షలలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్లు ఉన్నాయి గాని ప్రేగు కాన్సర్ లేదు. గనుక ఎవరి జాగ్రత్త వారే చూసుకోవాలి. అమెరికాలో 2021 నుండి 45 ఏళ్ళకే అందరినీ మొదలుపెట్టమంటున్నారు. ఆ నియమాన్ని ఇక్కడ ప్రతి ఒక్కరికీ వర్తింపజేయమని మేము అనము. లక్షణాలు, కుటుంబ చరిత్ర లేనివారు, పైపుకూ స్కానుకూ స్తోమత లేనివారు, మలంలో కంటికి కనబడని రక్తాన్ని కనిపెట్టే పరీక్షను గూర్చి డాక్టరును అడగండి. చిన్న డబ్బాలో మలం ఇస్తే చాలు. 1993లో అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేలమందికి పైగా జరిపిన పరిశోధనలో, ఏటేటా ఇలాంటి పరీక్ష చేయించుకున్నవారిలో ఈ కాన్సరుతో మరణాలు 33 శాతం తగ్గాయి. ఇప్పుడున్న పరీక్ష అప్పటిదానికంటె మెరుగైనది. అయితే ఏటా చేయించుకోవాలి, రక్తం ఉన్నదని వస్తే మళ్ళీ పైపు పరీక్షకే వెళ్ళాలి. ఏ దారిన పోయినా చివరకు ఆ గుమ్మం దగ్గరికే చేరుకుంటాము.

సహోదరికి మేము వ్రాసిన జవాబు క్లుప్తంగా ఇది. మీ ఇంటివారి విషయంలో స్కానా పైపా అనే ప్రశ్న లేదు, కొలనోస్కోపీయే. పదేళ్ళ క్రితమే చేయించుకోవలసింది అని ఎవరైనా అంటే లెక్కచేయకండి. ఈ నెలలో చేయించండి. పరీక్ష సోమవారం ఉదయం పెట్టించుకోకండి. ఆదివారం ఆరాధనలో ఉండగా మందు పనిచేయటం మొదలుపెడితే ఆయన మరెన్నడూ పరీక్ష మాట ఎత్తనివ్వరు. ముందురోజు ఆకుకూరలు, గింజలున్న కూరలు మానాలి. డాక్టరు చెప్పినప్పటినుండి కొబ్బరినీళ్ళు, వడకట్టిన రసాలవంటివే తీసుకోవాలి. ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలాగా కనబడతాయి. పొడి కలిపిన నీళ్ళు చల్లబరచి త్రాగితే కొంత సుళువు. సగం త్రాగి ఇక చాలు అంటే ప్రేగు శుభ్రం కాక పరీక్ష వృథా అవుతుంది. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవారు, రక్తం పలుచబడే మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పాలి. మత్తు దిగేవరకు ఒక మనిషి వెంట ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. మీ సంఘంలో ఒక పెద్దను తోడు రమ్మని అడగండి. ఎందుకని అడిగితే ఎందుకో చెప్పండి.

మరొక పని. మీ బావగారి ముక్క పరీక్ష రిపోర్టు, ఆపరేషను కాగితాలు వారి ఇంట్లో ఉంటాయి. అవి తెప్పించి డాక్టరుకు చూపించండి. మీ బావగారి పిల్లలకు, మీ అమ్మాయికి కూడా ఏ వయసునుండి పరీక్షలు మొదలుపెట్టాలో ఆ కాగితాలను బట్టే తేలుతుంది. మీ తోటికోడలిని ఇప్పుడే అడగండి, ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలని తగలబెట్టకముందే.